పంటి పురుగు ఫ్లోరైడుకు లొంగదా?

గత వేసవిలో ఒకనాటి ఉదయము వెలుగోడులోని మా ఇంటి అరుగు మీద చూర్ణములు జల్లించుచుండగా, ఉపాధ్యాయ దంపతులు తమ ఏడేండ్ల కూతురిని వెంటబెట్టుకొని వచ్చినారు. పాప కుడి చెంపను అరచేతితో అదిమి పట్టుకొని యుండెను.

"రాత్రంతా నిద్ర లేదు సామీ, ఏడుస్తానే ఉంది. లవంగం పెట్టినా, ఉప్పునీళ్లు పుక్కిలించినా తగ్గలేదు" అని తల్లి చెప్పినది.

తండ్రి మరియొక మాట అందుకొన్నాడు. "ఫ్లోరైడు పేస్టుతో దినాము రెండుసార్లు తోమిస్తానే ఉన్నామయ్యా. అయినా పన్ను పుచ్చింది. ఇప్పుడు పంటి క్రిములు ఫ్లోరైడుకు అలవాటు పడిపోయినాయంట, అది వాటి మీద పనిచేయదంట. నేను చదివినాను. ఆ పేస్టు మాన్పించేస్తాము. మన పద్ధతిలో ఏదైనా పండ్లపొడి ఇయ్యండి. పాలపన్నే గదా, ఎట్లాగూ ఊడిపోతాది."

పాప నోరు తెరపించి వెలుతురులో చూచితిని. క్రింది దవడలో కుడివైపు చివరనున్న పన్ను మీద ఆవగింజంత నల్లని గుంత యుండెను. ముందరి పండ్ల నడిమి నుండి ఒక్కొక్కటిగా లెక్కించితిని. అది ఆరవ పన్ను. పాలపండ్లు ఒక్కొక్క వైపున అయిదే యుండును. అనగా ఆ బిడ్డ జీవితాంతము నమలవలసిన పన్ను అది. అదే ఊడిపోవు పన్నని తండ్రి అనుకొనుచున్నాడు.

ఆయన చదివిన మాటలో నిజము కలదు. ఆ నిజము నుండి ఆయన తీసిన నిర్ణయము మాత్రము తప్పు. ఇట్టి తప్పే ఒకప్పుడు నేనును చేసితిని. కావున ఈ మాసము పాఠకులకు ఈ విషయమునే పాఠముగా చెప్పదలచితిని.

కృమిదంతమనగా నేమి?

సుశ్రుత సంహిత నిదాన స్థానమున పదునారవ అధ్యాయములో ముఖరోగములు వర్ణింపబడినవి. అందు దంతములకు కలుగు వ్యాధులలో కృమిదంతము ఒకటి. పన్ను నల్లబడుట, రంధ్రము పడుట, కదలుట, స్రావము, వాపు, కారణము లేకుండగనే తీవ్రమైన బాధ కలుగుట దాని లక్షణములుగా చెప్పబడినవి. దంతహర్షము, అనగా చల్లదనము తగిలిన పండ్లు జివ్వుమనుట, మరియొకటి. దంతశర్కర, అనగా గార కట్టుట, ఇంకొకటి. మా గురువుగారు ఈ అధ్యాయము చెప్పునపుడు మా నోళ్లే తెరపించి, ఒకరి పండ్లలో మరియొకరిని ఈ లక్షణములు వెదకుమనెడివారు.

పూర్వులు చెప్పిన కృమియే నేటి బాక్టీరియా అని నేను వాదింపను. వారి చేతిలో సూక్ష్మదర్శిని లేదు. 1683లో హాలెండు దేశస్థుడైన లీవెన్‌హుక్ తన పండ్ల పాచిని కటకముల క్రింద పెట్టి, అందు కదలాడు జీవులను చూచి వ్రాసినాడు. 1890లో మిల్లరు అను దంతవైద్యుడు, నోటిలోని సూక్ష్మజీవులు ఆహారమును పులియబెట్టి ఆమ్లమును పుట్టించుననియు, ఆ ఆమ్లమే పన్నును కరిగించుననియు నిరూపించినాడు. 1924లో క్లార్కు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పుచ్చిన పండ్ల నుండి ఒక జీవిని వేరుచేసి స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ అని పేరిడినాడు. దంతక్షయమును కలిగించు వానిలో ముఖ్యమైనది ఇదియే. ఇది కంటికి కనబడదు. పంటిలో పాకెడు పురుగు ఎక్కడను లేదు గనుక, పొగ పట్టి పురుగును రాల్చెదమను వారిని నమ్మవలదు.

పన్ను పుచ్చు విధము

పంటి పైనుండు పింగాణి పొర మన శరీరములో అన్నిటికంటె గట్టి పదార్థము. కాల్షియము, ఫాస్ఫేటు కలిసి ఏర్పడిన రాయి వంటిది. అంత గట్టిదానికిని ఆమ్లము శత్రువు.

మనము చక్కెర తినగానే పాచిలోని క్రిములు దానిని తిని లాక్టిక్ ఆమ్లమును విడుచును. చక్కెరతోనే బంక వంటి పదార్థమును కూడ తయారుచేసికొని పంటికి అంటుకొనును. కొన్ని నిమిషములలోనే పాచి పుల్లబడును. ఆమ్లత్వమును కొలుచు పి.హెచ్. అను అంకె సుమారు 5.5 కంటె క్రిందికి దిగినపుడు పింగాణి నుండి కాల్షియము, ఫాస్ఫేటు కరిగి వెలికి వచ్చును. పిమ్మట లాలాజలము ఆ పులుపును కడిగి, కరిగిన ఖనిజమును కొంత తిరిగి పంటికి చేర్చును. దీనికి అర్ధగంట నుండి గంట వరకు పట్టవచ్చును.

ఇప్పుడు గృహిణులు లెక్క వేసికొనవలెను. దినమునకు మూడుమారులు భోజనముతోపాటు తీపి తినిన బిడ్డ పంటికి కోలుకొనుటకు వ్యవధి దొరకును. గంటకొకసారి బిస్కత్తు, చాక్లెట్టు, తియ్యని పానీయము తీసికొను బిడ్డ పంటికి ఆ వ్యవధియే యుండదు. ఎంత తీపి తినినారన్నదాని కంటె ఎన్నిసార్లు తినినారన్నది ముఖ్యము. 1940లలో స్వీడన్ దేశమందలి వీపెహోల్ము ఆసుపత్రిలో, తమ సమ్మతిని తెల్పలేని మానసిక వికలుల మీద దీనిని పరీక్షించినారు. ఆ విధానమును నేడెవ్వరును సమర్థింపరు. కాని భోజనముతో తినిన తీపి కంటె నడుమ నడుమ తినిన జిగురు మిఠాయి వలన పండ్లు మిక్కిలిగా పుచ్చినవన్న సంగతి దాని వలననే స్థిరపడినది.

ఫ్లోరైడు చేయు రెండు పనులు

మొదటిది పంటి మీద చేయు పని. లాలాజలములో కొద్దిపాటి ఫ్లోరైడు నిలిచియున్నచో, కరిగిపోయిన కాల్షియము, ఫాస్ఫేటు త్వరగా తిరిగి పంటికి చేరును. అట్లు క్రొత్తగా కట్టిన పొర మునుపటి దానికంటె ఆమ్లమునకు ఎక్కువగా ఓర్చును. పి.హెచ్. 4.5 సమీపమునకు దిగువరకు కరుగదు. ఫ్లోరైడు వలన కలుగు మేలులో అధికభాగము ఇదియే.

రెండవది క్రిమి మీద చేయు పని. పాచి పుల్లబడినపుడు ఫ్లోరైడు ఆమ్లకణముతో జతకూడి, ఏ విద్యుదావేశము లేని రూపమును దాల్చును. ఆ రూపములో క్రిమి గోడను సులభముగా దాటిపోవును. లోపల పులుపు తక్కువ గనుక జత విడిపోవును. విడిపోయిన ఫ్లోరైడు మరల గోడ దాటలేదు. మన జలాశయములో చేపలు పట్టువారి బుట్ట వలె, లోనికి దారి కలదు గాని వెలికి లేదు. అట్లు చిక్కుకొన్న ఫ్లోరైడు, చక్కెరను జీర్ణించుకొనుటలో క్రిమికి అవసరమైన ఎనోలేస్ అను ఎంజైమును అడ్డగించును. అప్పుడు క్రిమికి శక్తియు తగ్గును, అది విడుచు ఆమ్లమును తగ్గును.

క్రిమి తప్పించుకొను ఉపాయము

మన మిత్రుడు చదివిన వార్త ఈ రెండవ పనికి సంబంధించినది. 2012లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోనాల్డ్ బ్రేకర్ బృందము, అనేక జాతుల బాక్టీరియాలలో ఫ్లోరైడును గుర్తించు ఒక మీట కలదని ప్రకటించినది. క్రిమి లోపల ఫ్లోరైడు పెరిగినంతనే ఈ మీట కదలి, దానిని వెలికి నెట్టు ప్రోటీనుల తయారీని ఆరంభించును. ఆ ప్రోటీనులు పనిచేయు తీరును బ్రాండైస్ విశ్వవిద్యాలయములో క్రిస్టఫర్ మిల్లరు బృందము పరిశీలించినది. వానిలో ఒక రకము ఫ్లోరైడు పోవుటకు ద్వారము వంటిది. మరియొక రకము ఒక ఆమ్లకణమును లోనికి తీసికొని, దానికి మారుగా ఫ్లోరైడును వెలికి పంపును. మన పంటి క్రిమి స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్‌లో ఈ మారకపు రకము కలదు.

పుట్టిలో వేటకు పోవువారు అడుగున ఊరు నీటిని చిప్పతో తోడిపోయుచునే యుందురు. ఈ ప్రోటీనుల పనియు అట్టిదే. ప్రయోగశాలలో ఫ్లోరైడును క్రమక్రమముగా పెంచుచు, అందులో బ్రతికిన క్రిములనే మరల మరల పెంచిన యెడల, అధిక ఫ్లోరైడునకు ఓర్చు వంశములు ఏర్పడినవి. అట్టి ఒక వంశమును పరీక్షింపగా, ఫ్లోరైడును తోడిపోయు ప్రోటీనుల తయారీని అదుపుచేయు చోట జన్యువులో చిన్న మార్పు కనబడినది. ఆ మార్పు వలన క్రిమి ఆ ప్రోటీనులను ఎల్లప్పుడును అధికముగా తయారుచేయుచుండెను.

ఇది ప్రయోగశాలకే పరిమితము కాదు. మెడకు, దవడకు రేడియేషన్ చికిత్స పొంది, లాలాజలము ఎండిపోయి, గాఢమైన ఫ్లోరైడు జెల్లును నిత్యము వాడిన రోగుల నోటినుండియు ఇట్టి క్రిములను వేరుచేసినారు.

ఈ ఉపాయము టూత్‌పేస్టు పుట్టిన తరువాత క్రిములు నేర్చినది కాదు. ఫ్లోరైడు భూమిలోని రాళ్లలో అనాదిగా నున్నది. నీటిలో, మట్టిలో నివసించు సూక్ష్మజీవులకు దానితో వైరము చాల ప్రాచీనము. అందుచేతనే ఒకదానికొకటి దూరపు బంధువులైన జాతులలో కూడ ఆ మీట కనబడుచున్నది.

ఐనచో పేస్టు మానవలెనా?

మానరాదు. కారణములు మూడు.

ఒకటి, ఫ్లోరైడు యొక్క ముఖ్యమైన పని పంటి రాతిని గట్టిపరచుట. క్రిమి ఎంత ఓర్పు గలదైనను ఆ పనిని ఆపలేదు. రెండు, ఓర్పు నేర్చిన వంశములు అన్నియు మునుపటి కంటె క్రూరమైనవి కావు. కొన్ని ఫ్లోరైడు లేనిచోట మందముగా పెరిగినవి, కొన్ని తక్కువ ఆమ్లమును విడిచినవి. మరికొన్ని ఫ్లోరైడు నడుమ కూడ ఆమ్లమును విడువగలిగినవి. ఈ ప్రయోగముల ఫలితములు ఒక్క తీరున లేవు. మూడు, ప్రపంచమందు దశాబ్దములుగా కోట్ల మంది ఫ్లోరైడు పేస్టును వాడుచున్నను, క్రిములు ఓర్చుకొనుట చేత అది నిరుపయోగమైనదని తేలలేదు.

మరి పేస్టు వాడిన పాపకు పన్ను ఏల పుచ్చినది? నేను తల్లిని అడిగిన ప్రశ్నలు ఇవి. "రాత్రి తోమిన తరువాత ఏమైన త్రాగునా?" "చక్కెర పాలు త్రాగి పడుకుంటాది సామీ." "బడికి ఏమి ఇచ్చి పంపెదరు?" "క్రీము బిస్కత్తులు." "సాయంత్రము?" "వాళ్ల అవ్వ చాక్లెట్లు ఇస్తాది." "తోమునది ఎవరు?" "దానంతట అదే తోముకుంటాది. ఏడేండ్లు వచ్చినాయి గదా."

దినమునకు ఆరేడుమార్లు తీపి పడుచున్నది. రాత్రి నిద్రలో లాలాజలము తక్కువగా ఊరును గనుక పాల చక్కెర పంటి మీద తెల్లవారువరకు నిలుచుచున్నది. ఏడేండ్ల చేయి చివరి పంటి వరకు సరిగా చేరుట లేదు. క్రిమికి ఫ్లోరైడును తట్టుకొను శక్తి వచ్చినదా లేదా అని విచారింప నక్కరయే లేదు. దానికి మనమే ఆరుపూటల భోజనము పెట్టుచున్నాము.

నేను చేసిన పొరపాటు

సుమారు పాతికేండ్ల క్రిందట ఎనిమిదేండ్ల బాలుని నా వద్దకు తీసికొని వచ్చినారు. చివరి పంటిలో చిన్న గుంత. అప్పటికి నాకు పేస్టుల మీద గొప్ప తిరస్కారము. "అది పారవేయుడు, వేపపుల్లతో తోమించుడు, పాలపన్ను గనుక అదే ఊడిపోవును" అని చెప్పితిని. పంటిని లెక్కింపలేదు. ఏమి తినుచున్నాడని అడుగలేదు. ఆ ఇంట బెల్లపుండలు, వేరుశనగ పాకము గంటగంటకు అతని చేతిలో నుండెడివట. బెల్లము మంచిదను నమ్మకము వారికి నా మాటల వలననే కలిగినది.

ఏడాదిన్నర గడిచినది. చెంప ఉబ్బి, జ్వరముతో, నోరు తెరువలేని స్థితిలో ఆ బాలుని తెచ్చినారు. నా వద్దనున్న ఏ లేపమును దానికి చాలదని చూచినంతనే తెలిసినది. పట్టణమునకు పంపితిని. ప్రాణభయము తప్పినది గాని ఆ పన్నును పెరికివేయవలసి వచ్చినది. అది పాలపన్ను కాదు, ఆరవ ఏట వచ్చిన శాశ్వత దంతము. దాని స్థానమున మరియొకటి రాలేదు.

ఆ బాలుడు నేడు ఇద్దరు పిల్లల తండ్రి. దారిలో కనబడినపుడెల్ల నవ్వుచు నమస్కరించును. ఆ నవ్వులో ఒక ప్రక్క ఖాళీ కనబడును. ఆయన నన్ను ఎన్నడును ఒక్క మాట అనలేదు. వేపపుల్ల తప్పు చేయలేదు. పుల్ల చేయలేని పనిని పుల్ల చేయునని చెప్పిన నేను తప్పు చేసితిని. కదలాడు కృమిదంతమును పెరికివేయవలెనని సుశ్రుతుడే చికిత్సా స్థానమున చెప్పియున్నాడు. శస్త్రము అవసరమైన చోట చూర్ణము ఇచ్చుట మన శాస్త్రమునకు సమ్మతము కాదు.

నల్లమల ఆవలి పాఠము

ఇంతవరకు చదివి, ఫ్లోరైడు ఎంత ఎక్కువైన అంత మంచిదని ఎవరును తలపరాదు. మన నల్లమల కొండలకు తూర్పున, అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలో బావినీటి ఫ్లోరైడు వలన కలిగిన ఎముకల వ్యాధిని షార్ట్ మొదలగు వైద్యులు 1937లో లోకమునకు తెలియజేసినారు. పిమ్మట నల్లగొండ బాధ అందరికిని తెలిసినదే. నీటినుండి ఫ్లోరైడును పటిక, సున్నముల సహాయమున తొలగించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించినపుడు దానికి నల్లగొండ పద్ధతి అనియే పేరు వచ్చినది.

కావున రెండు విషయములను విడదీసి చూడవలెను. పంటికి తగిలి ఉమ్మివేయబడు ఫ్లోరైడు వేరు. త్రాగునీటితో ప్రతిదినము కడుపులోనికి పోవు అధిక ఫ్లోరైడు వేరు. రెండవది సుమారు ఎనిమిదేండ్ల లోపు, పండ్లు దవడలో తయారగుచున్న కాలమున, పింగాణిని చెరచును. సుద్ద వంటి తెల్లని చారలు, పిమ్మట గోధుమరంగు మచ్చలు పడును. అనేక పండ్లకు, రెండు వైపులను ఇంచుమించు ఒకే తీరుగా మచ్చలున్నచో ఫ్లోరోసిస్ అని అనుమానింపవలెను. ఏదో ఒక పంటిలో గుంత, నలుపు, జివ్వుమనుట ఉన్నచో అది కృమిదంతము. రెండును ఒకే నోటిలో నుండవచ్చును. మచ్చలున్న పన్ను పుచ్చదను భ్రమ వలదు.

మన దేశ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండవలెను. వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చును. మన వెలుగోడు జలాశయమునకు వచ్చునది కృష్ణ నీరు. సాధారణముగా నదీజలములలో ఫ్లోరైడు తక్కువ. కాని లోతైన బోరుబావి నీరు ఒక్కొక్క ఊరికి, ఒక్కొక్క బావికి మారుచుండును. రుచి చేతను, రంగు చేతను తెలియదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ వారి ప్రయోగశాలలో పరీక్ష చేయించుకొనుటయే మార్గము. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది చిక్కనగును. సాధారణమైన వడపోత కొవ్వొత్తులును దానిని తీయలేవు.

ఇంట పాటింపవలసిన నియమములు

1. తీపిని భోజనముతోనే ముగింపుడు. నడుమ ఆకలియైన బిడ్డకు పండు, వేయించిన శనగలు, జొన్నరొట్టె, మజ్జిగ ఇండు. బెల్లము, తేనె చక్కెర కంటె శ్రేష్ఠమని మన నమ్మకము. కాని పంటి క్రిమికి ఆ తారతమ్యము లేదు.

2. రాత్రి తోమిన తరువాత నీరు తప్ప మరేమియు నోట పడరాదు. పాలు ఇయ్యదలచిన తోముటకు ముందే ఇండు. పాలసీసాతో బిడ్డను నిద్రపుచ్చరాదు.

3. పేస్టు ట్యూబు మీద ఫ్లోరైడు పరిమాణము వ్రాసియుండును, చదువుడు. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, మూడు నుండి ఆరేండ్ల వరకు బఠానీగింజంత చాలును. మ్రింగనీయరాదు. తోమిన తరువాత నురుగును బాగుగా ఉమ్మివేయవలెను గాని చెంబెడు నీటితో మరల మరల పుక్కిలింపరాదు, పంటికి అంటిన ఫ్లోరైడు కొట్టుకొనిపోవును. మీ త్రాగునీటిలో ఫ్లోరైడు అధికమని తేలినచో, చిన్న పిల్లలకు ఏ పేస్టు వాడవలెనో దంతవైద్యుని అడిగి నిర్ణయించుకొనుడు.

4. ఎనిమిదవ ఏడు వచ్చువరకు రాత్రిపూట పెద్దలే తోమవలెను. చివరి పంటి నమలు భాగము, చిగురు అంచు మరువరాదు.

5. ఉదయము పుల్లతో తోముకొను అలవాటున్న పెద్దలు దానిని మానవలసిన పని లేదు. వేప, కానుగ, తుమ్మ, చండ్ర పుల్లలు శ్రేష్ఠము. పన్నెండు అంగుళుల పొడవు, చిటికెనవ్రేలంత లావు గల పచ్చిపుల్లను మెత్తని కుంచె యగునట్లు నమిలి, చిగుళ్లకు గాయము కాకుండ ఒక్కొక్క పంటిని వేరుగా తోమవలెను. రాత్రి మాత్రము ఫ్లోరైడు పేస్టును వాడుడు.

6. ఇటుకపొడి, ఇసుక, బొగ్గు పింగాణిని అరుగదీయును. పొగాకు కలిసిన పండ్లపొడి విషతుల్యము. దంతధావన పదార్థములలో పొగాకు వాడకమును ప్రభుత్వము 1992లో నిషేధించినది.

7. ఆరవ ఏట పాలపండ్ల వెనుక, ఏ పన్నును ఊడకుండగనే, క్రొత్త దవడపన్ను నిశ్శబ్దముగా వచ్చును. బిడ్డకు ఆరేండ్లు నిండగనే నడిమి నుండి లెక్కించి ఆరవ పంటిని చూడుడు. నెలకొకసారి వెలుతురులో పరీక్షింపుడు.

గృహవైద్యము, దాని హద్దులు

త్రిఫలా కషాయము: త్రిఫలా చూర్ణము ఒక చెంచా, నీరు రెండు గ్లాసులు కలిపి ఒక గ్లాసు మిగులునట్లు కాచి వడగట్టవలెను. గోరువెచ్చగా నున్నపుడు భోజనానంతరము పుక్కిలించి ఉమ్మవలెను. చిగుళ్ల వాపు, రక్తము కారుట, దుర్వాసనకు ఉపయోగము.

తిలతైల గండూషము: నువ్వులనూనె ఒక చెంచా నోట నుంచి అయిదు నిమిషములు నిలిపి ఉమ్మవలెను. పండ్లు జివ్వుమను పెద్దలకు ఉపశమనము. చిన్నపిల్లలచే చేయింపరాదు, ఊపిరిలోనికి పోవచ్చును.

పండ్లపొడి: ఎండిన తుమ్మచెక్క నాలుగు భాగములు, కరక్కాయ పెచ్చులు రెండు భాగములు, సైంధవ లవణము, లవంగములు ఒక్కొక్క భాగము. విడివిడిగా దంచి, వస్త్రగాళితము చేసి కలుపవలెను. వ్రేళ్ల నడుమ రాచిన గరుకు తగులరాదు. ఇది చిగుళ్లకు బలము. పేస్టుకు తోడు మాత్రమే.

నొప్పికి: లవంగ తైలము ఒక చుక్కను, రెండు చుక్కల నువ్వులనూనెతో కలిపి, దూదితో పుచ్చిన పంటికి మాత్రమే తాకింపవలెను. నాలుకకు, చిగురుకు తగిలిన మండును. పసిపిల్లలకు వాడరాదు.

ఇవియన్నియు బాధను తగ్గించును, చిగుళ్లను కాపాడును. గుంత పడిన పంటిని ఏ చూర్ణమును, ఏ తైలమును తిరిగి నింపజాలదు. నొప్పి తగ్గినదని ఊరకుండిన గుంత లోపలికి దిగును. చెంప వాచుట, జ్వరము, నోరు తెరువలేకుండుట, మ్రింగుటకు కష్టము, వీనిలో ఏది కనబడినను ఆ దినముననే వైద్యశాలకు పోవలెను. తెల్లవారనిమ్మని వేచియుండరాదు.

చివరి మాట

ఆ దంపతులకు నేను పండ్లపొడి ఇయ్యలేదు. పాపను దంతవైద్యుని వద్దకు పంపితిని. గుంత ఇంకను నరము వరకు చేరలేదట. శుభ్రపరచి నింపినారు. తక్కిన మూడు ఆరవ పండ్ల గాడులను కూడ పుచ్చకుండ పూత పూసి మూసినారు.

దసరా సెలవులలో వారు మరల వచ్చినారు. తల్లి నవ్వుచు, "ఇప్పుడు చక్కెర పాలు అన్నంతోనే ఇస్తాన్నాను సామీ. రాత్రి వాళ్ల నాయన తోమిస్తాడు. అవ్వ చాక్లెట్లు మాత్రం ఆదివారమే" అన్నది. పాప నోరు తెరచి, వ్రేలితో నడిమి నుండి లెక్కపెట్టి ఆరవ పంటిని నాకు చూపినది.

ఈ పత్రికను మూసిన తరువాత మీ ఇంటి ఆరేండ్లు దాటిన బిడ్డను వెలుతురులోనికి పిలిచి, అట్లే ఒక్కమారు లెక్కింపుడు.